చెట్టు కిందికి పోతేనే కల్లు

ఆదివారం రాత్రి, నల్లగొండ.

మా ఆఫీసులో పక్క సీటులో కూర్చునే ఆవిడ నాసిక్ ద్రాక్షతోటలకు వెళ్లి వచ్చినప్పటి నుంచి, మధ్యాహ్న భోజనాల దగ్గర ఆమె ఫోనులోని ఫొటోలు చూడటమే మా అందరి పని అయింది. తోట తిప్పి చూపించడానికి ఒక రుసుము, నాలుగైదు రకాల వైను గుటకెడు చొప్పున రుచి చూపించడానికి మరొక రుసుము, అక్కడే గది తీసుకుని ఉండదలచుకుంటే ఆ అద్దె మా ఇంటి బడ్జెటులో ఇమిడేది కాదు. ఆమె వెళ్లడాన్ని నేను తప్పు పట్టను. ఒక పానీయం పుట్టిన చోటికే వెళ్లి, అక్కడి గాలిలో, అక్కడి మనుషుల మధ్య దాన్ని తాగాలనుకోవడం మంచి కోరికే. ఆ కోరిక నా జీతంలో తీరే ఊరు ఏదని ఆలోచిస్తే ఎక్కడికో పోనవసరం లేదనిపించింది. ఒకప్పుడు మా జిల్లాలోనే ఉండి, ఇప్పుడు పక్క జిల్లాకు కేంద్రమైన భువనగిరి ఉంది, దాని చుట్టూ తాటివనాలు ఉన్నాయి.

తోడుగా మా మేనత్తను రమ్మన్నాను. ఆడవాళ్లిద్దరు కల్లు కోసం బయలుదేరడమేమిటని ఆశ్చర్యపోయేవారు మా ప్రాంతం వారు కారని అర్థం. ఇక్కడ పండుగకైనా, పురుడుకైనా, నాటు వేసి వచ్చిన సాయంత్రానికైనా ఆడా మగా కూర్చుని తాగినదే కల్లు. తెల్లవారుజామున బస్సెక్కి చిట్యాల, రామన్నపేట, వలిగొండ మీదుగా వెళ్లాము. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం కనుక అత్తమ్మ రవికెలో దాచుకున్న చిన్న సంచిలోంచి ఆధార్ కార్డు తీసి కండక్టరుకు చూపింది, ఆయన ఇద్దరికీ జీరో టికెట్లు చింపి ఇచ్చాడు. అత్తమ్మ మాత్రం ఆ టికెట్టును డబ్బిచ్చి కొన్నదానికంటే భద్రంగా మడిచి దాచుకుంది.

భువనగిరిలో దిగగానే బేరం మొదలైంది. తాటివనం దాకా తీసుకుపోయి తీసుకురావడానికి ఒక ఆటో అతను మూడు వందలు అడిగాడు. ఆ దారినే పోయే షేరింగ్ ఆటో తలకు ఇరవై రూపాయలకు దొరికింది, చివర కొంత దూరం పొలం గట్ల మీద నడిచాము. అత్తమ్మ మోకాళ్లను తలచుకుని నేను కాస్త సందేహించాను గాని, గట్టు మీద ఆమే నాకంటే ముందు నడిచింది.

మేము చేరేసరికి గౌడన్న ఇంకా చెట్టు మీదే ఉన్నాడు. నడుముకు మోకు, కాళ్లకు బంధం, వెనుక పనిముట్లు పెట్టుకునే ముస్తాదులో కత్తి. పోతుతాటి గెల కొసను ఉల్లిపొర మందాన ఒక్క చెక్కు చెక్కి, కల్లు పట్టే పాత లొట్టి దించి కొత్త లొట్టి కట్టాడు. ఆ చెక్కు లోతైతే గెల పాడవుతుంది, చెక్కకపోతే ధార ఆగిపోతుంది. రోజూ చెట్టెక్కక తప్పదు. కిందికి దిగాక నడుము మోకు విప్పుతూ, 2024లో ప్రభుత్వం గౌడుల దేవుడు కాటమయ్య పేరు మీద ఇచ్చిన రక్షణ తాళ్ల కిట్టు గురించి అడిగితే, అది ఉంటే ఇంటి దగ్గర పెళ్లానికి ధైర్యంగా ఉంటుందని చెప్పాడు. తనకెట్లా ఉంటుందో చెప్పలేదు.

"పొద్దుటిదేనా బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ.

"ఇగో, మీ ముంగట్నే దించిన గదా అక్కా. ఆకు పట్టున్రి."

లేత తాటాకును దోనెలా మడిచి రెండు చేతులతో నోటి దగ్గర పట్టుకోవాలి. ఆయన లొట్టిని వంచి గుడ్డలోంచి వడకడుతూ పోస్తుంటే, ఆపకుండా గుటకలు వేయాలి. ఎక్కడ ఆగినా మోచేతుల మీదుగా కొంగులోకి కారుతుంది. నాకు కారింది. అత్తమ్మకు ఒక్క చుక్క కారలేదు. తెల్లగా, పలుచగా, అంచున సన్నని నురుగుతో ఉన్న ఆ కల్లులో మొదట తీపి, వెనుక కొద్దిగా చురుకు, ఆకు పసరు వాసన. లొట్టిలో తేలిన రెండు చీమలను గౌడన్న వేలితో తీసేశాడు. చీమలు రాని కల్లును తాను కూడా నమ్మనని అన్నాడు. సీసాడు అరవై రూపాయలు. పక్కనే ఒక ముసలమ్మ అమ్ముతున్న బొబ్బెర గుడాలు ఇరవైకి, ఇంటి నుంచి కట్టుకుపోయిన జొన్నరొట్టెలు. అంతే మా విందు.

అక్కడ కూర్చుని నాకు తట్టిన ఆలోచన ఒకటుంది. మంచి వైను ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, కొన్నిటికి నిలవ ఉన్నకొద్దీ ధర కూడా పెరుగుతుంది, అందుకే అది ఎంత దూరమైనా పోయి ఎంత ధరకైనా అమ్ముడుపోగలదు. కల్లు అట్లా కాదు. చెట్టు నుంచి కారిన క్షణం నుంచే లొట్టిలోని ఈస్టు దాన్ని పులియబెట్టడం మొదలుపెడుతుంది, పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడుతుంది, మరునాటికి సిర్కా, అంటే వినెగర్, దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది గాని అప్పుడది కల్లు కాదు, నీరా; హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో తెరిచిన కేఫులో అమ్మేది దాన్నే. నగరంలోని కల్లు దుకాణాలు 2004లో మూతపడి 2014లో తిరిగి తెరుచుకున్నాయి. చెట్లు లేని చోట అంత కల్లు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు పత్రికలలో తరచూ కనిపిస్తూనే ఉంది: క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. కనుక కల్లు విషయంలో నాణ్యతను నిర్ణయించేది ధర కాదు, చెట్టుకు మనం ఎంత దగ్గరగా ఉన్నామన్నది. బస్సెక్కి, గట్టు మీద నడిచి వచ్చినవారికే మంచిది దొరుకుతుంది. డబ్బున్నవారికి ఇందులో ప్రత్యేక సౌకర్యమేమీ లేదు; నాకు ఈ సంగతి చాలా నచ్చింది.

తరువాత ఊళ్లోకి తిరిగి వచ్చి కోట చూశాము, అంటే నేను ఎక్కాను, అత్తమ్మ కింద వేపచెట్టు నీడన కునుకు తీసింది. ఒకే ఏకశిల మీద పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట ఇది. త్రిభువనగిరి అన్న పేరే భువనగిరి అయింది. టికెట్టు పెద్ద భారమేమీ కాదు, పైన కొనడానికి ఏమీ లేదు, కనుక నీళ్ల సీసా ఒక్కటి తీసుకుపోతే చాలు. నున్నని బండ మీద చెక్కిన మెట్లు కొన్నిచోట్ల చాలా నిటారుగా ఉన్నాయి. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఈ బండ మీదే శిక్షణ పొందిందని గుర్తుచేసుకుంటూ, మధ్యలో మూడుచోట్ల కూలబడుతూ ఎక్కాను.

గీత వృత్తిలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, మరుసటి ఏడు ఈ ఊరి మీద పడ్డాడు. 1710లో మొగలు సేనలకు చిక్కి ప్రాణాలు కోల్పోయాడు. తాటిచెట్టు ఎక్కడం నేర్చినవాడికి ఈ గోడలు ఎత్తుగా అనిపించి ఉండవని పైనుంచి చూస్తే అనిపిస్తుంది. చుట్టూ పచ్చని చేలు, వాటి మధ్య అక్కడక్కడ తాటిచెట్ల గుంపులు. కొత్త వెంచర్ల తెల్లరాళ్లు కొన్ని వనాల అంచుల దాకా వచ్చేశాయి.

యాదగిరిగుట్ట అక్కడికి దగ్గరే గనుక పోదామా అంటే, కల్లు తాగిన నోటితో గుట్టకు పోతామా అని అత్తమ్మ కసిరింది. పోచంపల్లి పోదామన్నాను. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తించిన ఊరు అది, కాని అక్కడ మగ్గం ముందు నిలబడి చీర కొనకుండా తిరిగి వచ్చే నిగ్రహం మా ఇద్దరికీ లేదు. ఒకటో తారీఖు తరువాత చూద్దామనుకున్నాము.

అత్తమ్మ మా నాయన కోసం ఒక సీసా తెచ్చింది. మూత బిగిస్తే గ్యాసుకు పగులుతుందని గౌడన్న మూతకు చిల్లు పెట్టించాడు. దారి పొడుగునా అది బుసకొడుతూనే ఉంది, రామన్నపేట దగ్గర ముందు సీటులో ఉన్నాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. నాయన గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, పులిసిపోయిందని పక్కన పెట్టాడు.

"ఆ గౌడు పొద్దుగాల ఎన్ని గంటలకు చెట్టెక్కుతడు?" అని అడిగాడు.

ఆరింటికన్నాను. బస్సు చార్జీ మాత్రం ఆయనకు పూర్తిగా పడుతుందని కూడా చెప్పాను.