అడుగున కూకున్న నీళ్లు

అమెరికాలో ఏం పని చేస్తున్నావని ఒడిశాలోని మా ఊరు బ్రహ్మపురంలో ఎవరైనా అడిగితే "ఇళ్ల కింద నూనె ట్యాంకులు చూస్తుంటాను" అంటాను. అడిగినవాళ్లకు పెట్రోలు బంకు గుర్తొస్తుంది. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండడానికి కాల్చే నూనె అని చెబితే, ఇల్లంతా కాచుకోవడమేమిటని ఆశ్చర్యపోతారు. మన గంజాం జిల్లాలో పుష్యమాసపు చలికి ఒక దుప్పటి చాలు. మసాచుసెట్స్ రాష్ట్రంలో నేనుండే వూస్టర్‌లో జనవరి రాత్రి బాయిలరు ఆగిపోతే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి గొట్టాలే పగులుతాయి. ముసలివాళ్లున్న ఇంట్లో అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఈ మాఘమాసంలో మా తమ్ముడి కూతురి పెళ్లికి వచ్చాను. మాకు పని ముదిరే కాలమది. ఆ రోజుల్లో సెలవు దొరకడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. తమ్ముడి కొడుకు ఐటీఐలో ఫిట్టరు ట్రేడు పూర్తిచేశాడు. బయటి దేశం వెళ్లాలని వాడికి ఉంది. పెళ్లి పనుల మధ్య నా పక్కన కూర్చుని, "పెదనాన్నా, తుప్పు పట్టకూడదనే కదా ఇనుముకి నూనె రాస్తాం. మరి ఎప్పుడూ నూనె ఉండే ట్యాంకుకి తుప్పెలా పడుతుంది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. పనిలో చేరిన కొత్తలో నాకూ ఇదే అర్థం కాలేదు.

నేనూ అదే ఐటీఐలో వెల్డరు ట్రేడు చదివాను. తర్వాత ఛత్రపురం వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను. సముద్రపు గాలి ఇనుమును ఎలా తింటుందో అక్కడ చూశాను. రంగు పొంగుతుంది, పెచ్చులు లేస్తుంది, కింద ఎర్రటి పొడి రాలుతుంది. అంతా బయటికి కనబడుతూ జరుగుతుంది. అమెరికాలో ఉండే మా అప్ప, అంటే అక్క, మా కోసం పెట్టిన వీసా పిటిషన్ 11 ఏళ్లకు తెమిలి, 2011లో భార్యాపిల్లలతో అమెరికాలో దిగాను.

పని వెంటనే దొరికింది. దానికి ఒక చట్టం కారణం. ట్యాంకు నుంచి నూనెను మండించే బర్నరుకు నూనె తీసుకెళ్లే సన్నని రాగి గొట్టాన్ని పాత ఇళ్లలో నేలమీది కాంక్రీటులో పూడ్చేసేవారు. కాంక్రీటు తగిలి రాగి మెల్లగా చివికిపోతుంది, కారిన నూనె పైకి కనబడకుండా మట్టిలోకి దిగిపోతుంది. అందుకని ఆ గొట్టానికి ప్లాస్టిక్ తొడుగైనా వేయించాలి, ట్యాంకు దగ్గర సేఫ్టీ వాల్వయినా పెట్టించాలి అని రాష్ట్రం చట్టం చేసి, 2011 సెప్టెంబరు 30 వరకు గడువిచ్చింది. గడువు దగ్గరపడుతున్న కొద్దీ జనం తొందరపడ్డారు, కంపెనీలకు హెల్పర్లు కావలసి వచ్చారు. స్పానరు పట్టుకోవడం వచ్చినవాణ్ణి కాబట్టి నన్ను తీసుకున్నారు.

యాష్‌ల్యాండ్‌లో లక్ష్మీదేవి గుడికి వెళితే తెలుగువాళ్లు పలకరిస్తారు. బ్రహ్మపురం అనగానే "ఒడిశా కదండీ, మరి తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అంటారు. ప్రేమగానే అడుగుతారు, అయినా నాకు మనసు చివుక్కుమంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మాది మద్రాసు ప్రెసిడెన్సీ. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పుట్టింది మా ఊళ్లోనే. బడిలో నేను ఒడియా చదువుకున్నాను. తెలుగు అక్షరాలు అమ్మ పలక మీద దిద్దించింది.

ట్యాంకు సంగతికి వస్తాను. వూస్టర్‌లో మూడంతస్తుల చెక్క ఇళ్లు ఎక్కువ. మూడు కుటుంబాలు ఉంటాయి కాబట్టి బేస్‌మెంటులో, అంటే ఇంటి కింది గదిలో, రెండు మూడు ట్యాంకులు వరసగా కనిపిస్తాయి. మామూలుగా వాడే ట్యాంకు 275 గాలన్లది, అంటే వెయ్యి లీటర్లు దాటుతుంది. నాలుగు కాళ్ల మీద కోడిగుడ్డును నొక్కి నిలబెట్టినట్టు ఉంటుంది. రేకు మందం చాలావాటికి రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. నిండితే నూనె బరువే 800 కిలోలు దాటుతుంది. నూనెకు ఎర్ర రంగు కలుపుతారు, రోడ్డు పన్ను కట్టని నూనెను బండ్లలో పోసుకోకుండా. మొదటిసారి ఆ ఎరుపు చూసినప్పుడు నాకు మా రేషన్ కిరసనాయిలు నీలం గుర్తొచ్చింది.

మా నాన్నది రేషన్ డిపో. కిరసనాయిలు పీపాలను ఒక పక్క ఇటుక పెట్టి వాలుగా నిలబెట్టేవాడు. పంపు గొట్టాన్ని అడుగుదాకా దింపనిచ్చేవాడు కాదు, నాలుగు వేళ్లు పైకే ఉండాలి. ఆ నాలుగు వేళ్ల నూనె ఎవరికీ అమ్మేవాడు కాదు. చిన్నప్పుడు అది నష్టం కదా అని అడిగితే, "నీళ్లు అడుక్కి దిగి కూకుంటాయిరా. కూకుని తింటాయి. ఆ నూనె పోస్తే జనాల పొయ్యిలు ఆరిపోతాయి" అన్నాడు.

మూడు మాటల్లో నాన్న చెప్పిన సంగతి నాకు బేస్‌మెంట్లలో తిరిగితే గాని పూర్తిగా అర్థం కాలేదు. ట్యాంకులో నూనె తగ్గిన కొద్దీ గాలిగొట్టం గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలిలో తేమ ఉంటుంది. చల్లటి రేకు తగిలి ఆ తేమ లోపలి గోడల మీద చెమరుస్తుంది, చల్లటి చెంబు బయట నీటి బొట్లు పట్టినట్టు. బొట్లు జారి నూనెలోకి దిగుతాయి. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి తిన్నగా అడుగుకు చేరతాయి. ఆరుబయట పెట్టిన ట్యాంకుకు ఇది ఇంకా ఎక్కువ, పగలు ఎండ, రాత్రి మంచు. పైమూత సరిగా లేకపోతే వాన నీళ్లు కూడా కలుస్తాయి.

నూనె తాకిన ఇనుము బాగానే ఉంటుంది. నీళ్లు తాకిన ఇనుము పాడవుతుంది. కానీ ఉత్త నీళ్ల వల్ల అంత తొందరగా చిల్లు పడదు. నీళ్లకూ నూనెకూ మధ్య ఉండే పలచటి పొరలో సూక్ష్మజీవులు చేరతాయి. నీళ్లలో బతుకుతూ నూనె తింటాయి. వాటిలో ఒక బూజుకు కిరసనాయిలు బూజు అనే పేరే ఉంది. అవి పెరిగి జిగురుగా, నల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటాయి. అవి విడిచే ఆమ్లాలు మడ్డి కింద, ఎవరి కంటా పడని చోట, ఇనుమును గుంటలు గుంటలుగా తొలుస్తాయి. రేకంతా సమంగా పలచబడితే కొంత నయం. ఇది అలా కాదు, ఒక్కచోట సూది దించినట్టు దిగుతుంది. మిగతా రేకంతా గట్టిగానే ఉంటుంది, బయటి రంగు నిగనిగలాడుతూ ఉంటుంది.

అందుకే ట్యాంకు వయసును రంగు చూసి చెప్పేవాళ్లను నేను నమ్మను. కొందరు యజమానులు ఇల్లు అమ్మే ముందు ట్యాంకుకు కొత్త రంగు వేయిస్తారు. నా మనసుకు అది చాలా తప్పుగా అనిపిస్తుంది. నేను వెళ్లగానే మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్ తీసేసి, అరచేతిని ట్యాంకు పొట్ట కింద నడిపిస్తాను. ఆవగింజంత పొంగు తగిలినా ఆగుతాను. ఆ పొంగును వేలితో రాసి వాసన చూస్తాను. చెమ్మ అయితే వాసన రాదు, నూనె అయితే తెలిసిపోతుంది. కొలత కర్ర చివర నీళ్లు తగిలితే రంగు మారే ఒక పేస్టు రాసి దింపుతాను. అడుగున ఎన్ని నీళ్లున్నాయో దాని రంగే చెబుతుంది. అల్ట్రాసౌండుతో రేకు మందం కొలిచే మిషన్ కూడా ఉంది, మంచిదే. కాకపోతే సూదంత గుంట దాని పక్కనే ఉన్నా తప్పిపోవచ్చు.

కారుతున్న బెజ్జం దొరికితే వెంటనే సబ్బు ముక్క రుద్దుతాను. ఇది నాకు అక్కడ ఎవరూ నేర్పలేదు. మా ఊళ్లో లారీ డ్రైవర్లు డీజిల్ ట్యాంకుకు చేసే వైద్యమే. దాని మీద రబ్బరున్న అయస్కాంతం బిళ్ల అతికిస్తాను. అది కొత్త ట్యాంకు వచ్చేవరకే, ఒకటి రెండు రోజుల మాట.

నూనె లారీ వచ్చి నింపేటప్పుడు గాలిగొట్టం దగ్గర ఒక ఈల మోగుతుంది. నూనె ఎక్కుతుంటే లోపలి గాలి బయటికి పోతూ ఈల వేస్తుంది, నిండగానే ఈల ఆగుతుంది, నింపేవాడు వెంటనే వాల్వు కట్టేయాలి. కందిరీగలు ఆ గొట్టంలో గూడు కట్టాయంటే గాలి పోయే దారి ఉండదు. పంపు ఒత్తిడికి అప్పటికే పలచబడిన ట్యాంకు పగులుతుంది. ఈల వినబడకపోతే నింపకుండా తిరిగి వచ్చేవాడే మంచి పనివాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఇంట్లో కూడా పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2014 ఫిబ్రవరిలో ఒక పెద్దావిడ ఇంట్లో పాత ట్యాంకు తీసి కొత్తది పెట్టాం. పాతదాంట్లో సుమారు వంద గాలన్ల నూనె ఉంది. అప్పుడు గాలను 4 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. ఆవిడ పింఛను మీద బతికే మనిషి. నూనెంతా పంపుతో కొత్త ట్యాంకులోకి ఎక్కించమని మా సూపర్‌వైజరు చెప్పాడు. నేను ఎక్కించాను. గొట్టం అడుగుకు తగిలినప్పుడు నల్లటి తుక్కు రావడం చూశాను. ఆ క్షణంలో నాన్న నాలుగు వేళ్లు నాకు గుర్తొచ్చాయి. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం కొత్త, ఇంగ్లీషు కొత్త, మనకెందుకులే అనుకున్నాను. పెరుగుకు తోడు వేసినట్టు పాత ట్యాంకు రోగాన్ని కొత్త ట్యాంకులో నా చేత్తోనే వేశాను.

ఇరవై ఏళ్లయినా రావలసిన ట్యాంకు ఆరేళ్లు కూడా నిండకుండానే, 2020 జనవరిలో కారింది. ఆవిడ ఫోన్ చేస్తే నన్నే పంపారు. మెట్లు దిగుతుంటేనే వాసన గొంతుకు పట్టుకుంది. నేల పగుళ్లలోకి ఎర్రటి చార పోయింది. 10 గాలన్లు, అంతకు మించి కారితే 2 గంటల్లోగా రాష్ట్రానికి తెలియజేయాలని అక్కడి నియమం. తెలియజేశాం. తర్వాత వచ్చినవాళ్లు నేల పగలగొట్టి, కింద మట్టిని తవ్వి, పీపాల్లో నింపి పట్టుకుపోయారు. నూనె కారితే అయ్యే ఖర్చుకు బీమా ఇవ్వజూపాలని ఆ 2011 గడువు పెట్టిన చట్టమే బీమా కంపెనీలకు చెప్పింది, కానీ అది విడిగా కొనుక్కోవాలి. ఆవిడ కొనుక్కోలేదు. ఆ బిల్లుతో బ్రహ్మపురంలో ఇల్లు కొనవచ్చు.

"ఇది కొత్త ట్యాంకే కదా?" అని ఆవిడ నన్ను అడిగింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత "అప్పుడే చెప్పి ఉంటే ఆ వంద గాలన్లు వదులుకునేదాన్ని" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

ఆ మరుసటి నెలలో నేను ఆ కంపెనీ మానేశాను. ఇప్పుడున్న చోట పాత నూనె కొత్త ట్యాంకులోకి ఎక్కించను. వదలడం ఇష్టం లేక ఇంటివాళ్లు బతిమాలితే పైనూనె మాత్రం వడగట్టి తీస్తాను, అడుగుది వ్యర్థంగా పంపిస్తాను. ఎందుకో వాళ్లకు అర్థమయ్యేదాకా చెబుతాను. ఇంగ్లీషు తడబడినా చెబుతాను. తమ్ముడి కొడుక్కి కూడా అదే చెప్పాను: బయటి దేశంలో నోరు మూసుకుని పనిచేస్తే మంచివాడంటారు గాని, నీకు తెలిసింది ఇంటివాళ్లకు చెప్పకపోతే అది వాళ్ల సొమ్ము తిన్నట్టే.

పెళ్లి రాత్రి ముహూర్తానికి ఇంకా గంట ఉందనగా కరెంటు పోయింది. కల్యాణ మండపం జనరేటరు పది నిమిషాలు ఆడి, దగ్గి, ఆగిపోయింది. తమ్ముడికి టెన్షన్. మండపం మనిషి "ట్యాంకులో సగానికి పైగా డీజిల్ ఉందండీ, వానాకాలంలో పోయించిందే" అన్నాడు. డీజిలూ, మేము కాల్చే నూనే దగ్గరి చుట్టాలు. పట్టుపంచె పైకి కట్టి కింద కూర్చున్నాను. తమ్ముడి కొడుకు ఫోన్ లైటు పట్టాడు. ట్యాంకు అడుగు బిరడా వదులు చేసి, కోసిన నీళ్ల బాటిలు కింద పెట్టాను. ముందు మజ్జిగలా తెల్లగా వచ్చింది. అందులో నల్లటి పోగులు. ఫిల్టరు విప్పి చూస్తే అదే జిగురు. డీజిల్ శుభ్రంగా వచ్చేదాకా వదిలి, ఫిల్టరు మార్చి, లైనులో గాలి తీసేసరికి బండి అందుకుంది. లోపల సన్నాయి మళ్లీ మొదలైంది.

ఆ బాటిలు పారేయవద్దని తమ్ముడి కొడుకు ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టాడు. తెల్లవారేసరికి తెలుపంతా తేరింది. పైన డీజిల్, కింద నీళ్లు, మధ్య నల్లటి పొర. నాన్నకు ఇప్పుడు 84 ఏళ్లు, చెవులు సరిగా వినిపించవు. వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. బాటిలును ఎండకు ఎత్తి పట్టి చూసి, కింది నుంచి వేళ్లు ఆనించి కొలిచాడు.

"నాలుగు వేళ్లు ఉన్నాయిరా" అన్నాడు, చేయి నాకు చూపిస్తూ.