పార్కిన్సన్స్ జన్యు పరిశోధనకు రక్తం ఇవ్వబోతున్నారా? ముందు మేనరికాల లెక్క రాసుకోండి

జన్యు పరిశోధనకు రక్తం ఇచ్చినంత మాత్రాన నా చేతి వణుకు తగ్గదు. అంగీకార పత్రంలో ఈ ముక్క స్పష్టంగా ఉండాలి, లేకపోతే అనుమానించాల్సిందే. నా పార్కిన్సన్స్‌ను అదుపులో పెట్టేవి వేళకు పడే సిండోపా మాత్ర, వ్యాయామం, నడక. పరిశోధన వాళ్లకు నా నుంచి కావలసింది కాస్త రక్తం, రోగం చరిత్ర, మా ఇంటి పెళ్లిళ్ల లెక్క. రక్తం ఐదు నిమిషాల పని. పెళ్లిళ్ల లెక్కే అసలు కష్టం, మా అనంతపురం వైపు మరీను.

మాకు మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం మామూలు సంగతి. పార్కిన్, పింక్1, డీజే-1 అనే జన్యువుల్లో లోపం అమ్మ వైపు నుంచీ నాయన వైపు నుంచీ రెండూ అందితేనే రోగం వస్తుంది. ఒకటే అందినవాళ్లు సాధారణంగా బాగానే ఉంటారు. అలాంటి ఇద్దరికి పెళ్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చేరే అవకాశం 25 శాతం. దగ్గరి సంబంధం చేసుకుంటే ఒకే తాత దగ్గరి లోపం రెండు దారుల్లో వచ్చి కలుస్తుంది. చిన్న వయసులోనే, ముఖ్యంగా నలభైలోపు, రోగం మొదలైనవాళ్లలో ఈ జన్యువులను తప్పకుండా చూస్తారు.

కాబట్టి ఇంట్లోనే కాగితం మీద మూడు తరాలు గీసుకోండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, రక్తసంబంధంలో జరిగిన పెళ్లికి జంట గీత. ఒక్కొక్కరి పక్కన సొంతూరు, లక్షణాలు మొదలైన వయసు రాయండి. ‘దూరపు చుట్టరికం’ అని రాస్తే పనికిరాదు. ఎవరికి ఎవరు ఏమవుతారో రాయాలి. చుట్టరికం తెలియకపోయినా తల్లిదండ్రులిద్దరిదీ ఒకే ఊరైతే అదీ చెప్పాలి. ఇక పెద్దవాళ్లను “జేజికి పార్కిన్సన్స్ ఉండేదా?” అని అడిగితే లేదనే అంటారు. వాతమనో ముసలితనమనో సరిపెట్టుకున్న రోజులవి. “ఊరికే కూర్చున్నప్పుడు ఒక చెయ్యి వణికేదా, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగేది కాదా, అడుగులు చిన్నవయ్యాయా, మాట సన్నగిల్లిందా” అని అడగండి. అప్పుడు చిన్నాయనకో పెద్దత్తకో గుర్తొస్తుంది.

ఇంకో చిక్కు. పోల్చి చూడటానికి రోగం లేని మనిషి రక్తం కూడా కావాలి. చాలా చోట్ల రోగి వెంట వచ్చిన భార్యనో భర్తనో అడుగుతారు. ఆమె మీ మేనమామ కూతురైతే ఇద్దరిలోనూ ఒకే ఇంటి జన్యువులుండి ఆ పోలికే చెడిపోతుంది. వాళ్లు అడగకపోయినా మీరే చెప్పేయండి. దాచిపెడితే తప్పు లెక్క తయారవుతుంది, అది ఎవరికీ కనపడదు కూడా.

మందుల చీటీ కన్నా ఖాళీ స్ట్రిప్పులు తీసుకుపోవడం మేలు. సిండోపా 110లో అసలు మందైన లెవోడోపా 100 మి.గ్రా., సిండోపా 275లో 250 మి.గ్రా. ఉంటుంది. ఇదే రోగానికి ఇచ్చే ఇంకో మందు ప్రామిపెక్సోల్ 1 మి.గ్రా.ను లెవోడోపా 100 మి.గ్రా.కు సమానంగా లెక్కకడతారు. పేరు పక్కన నంబరు లేకపోతే ఈ లెక్క తేలదు. దూలగొండి గింజల పొడి వాడుతుంటే అదీ చెప్పాలి, అందులో సహజంగానే లెవోడోపా ఉంది. గ్యాస్‌కని ఇచ్చే క్యాప్సూళ్లలో లెవోసల్పిరైడ్, తలతిరుగుడుకో తలనొప్పికో ఇచ్చే ఫ్లునారిజిన్ వణుకును, బిగుతును తామే తెప్పించగలవు. అది మందు తెచ్చిన రోగం. అలాంటివాళ్లను సాధారణంగా ఈ పరిశోధనలోకి తీసుకోరు. పొలానికి కొట్టిన మందుల గురించీ అడుగుతారు. ‘పురుగుమందు’ అంటే చాలదు, పారాక్వాట్‌లాంటి పేర్లు, ఎన్నేళ్లు కొట్టారో కావాలి.

కొన్ని చోట్ల మందు దిగిపోయిన స్థితిలో కదలికలు చూస్తామంటారు. అంటే ముందురోజు రాత్రి మోతాదు తర్వాత సుమారు 12 గంటలు లెవోడోపా ఉండదు. డాక్టరు చెబితేనే అది. సొంతంగా రోజుల తరబడి మానేస్తే జ్వరం, బిగుసుకుపోవడం వంటి ప్రమాదం ఉంది. ఈ పరీక్షకు బెంగళూరు వెళ్లాలంటే తెల్లవారుజామున మందు లేకుండా రైలెక్కే ధైర్యం చేయొద్దు, పెట్టె మెట్టు మీదే కాళ్లు అతుక్కుపోతాయి. ముందురోజే చేరుకుని, తోడు మనిషిని పెట్టుకుని, పొద్దుటి మాత్ర జేబులో ఉంచుకోండి.

డీఎన్‌ఏ కోసమైతే పరగడుపున రావక్కర్లేదు. వేరే పరీక్షలు కలిపితే తప్ప టిఫిన్ తినే వెళ్లొచ్చు. రక్తం ఊదా మూత గొట్టంలో తీస్తారు, అందులో గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉంటుంది. తీయగానే ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. చేయకపోతే గడ్డకట్టి డీఎన్‌ఏ తక్కువ వస్తుంది. ఆకుపచ్చ మూత గొట్టంలోని హెపారిన్ తర్వాతి పరీక్షకు అడ్డొస్తుంది. వణుకు తక్కువున్న చేతినే చాచండి. రక్తం బదులు ఉమ్ము అడిగితే అరగంట ముందు నుంచి కాఫీ, వక్కాకు, బీడీ ఏవీ వద్దు. గీత దాకా నింపాలి, నురగ లెక్కలోకి రాదు. వణుకుకు ఇచ్చే పాసిటేన్ మాత్ర వాడేవాళ్లకు నోరెండి ఇది చాలా సేపు పడుతుంది.

సంతకానికి ముందు తెలుగు ప్రతి అడిగి తీసుకోండి. నమూనా దేశం దాటుతుందా, రేపు ఇంకో రోగం పరిశోధనకు వాడతారా, ఫలితం చెబుతారా, మధ్యలో తప్పుకుంటే అప్పటికే పంచిన సమాచారం ఏమవుతుంది: ఇవి నాలుగూ అందులో ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్ల పక్కన పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి.

ఫలితం చెప్పినా, పరిశోధన ల్యాబు కాగితంతో పిల్లల పెళ్లి నిర్ణయాలు చేయకండి. కొత్త రక్తంతో గుర్తింపు పొందిన ల్యాబులో మళ్లీ చూపించి, జన్యు సలహాదారుతో మాట్లాడాలి. పార్కిన్సన్స్‌తో ముడిపడిన ఎల్‌ఆర్‌ఆర్‌కే2, జీబీఏ1 అనే జన్యువుల్లో తేడా ఉన్నంత మాత్రాన అందరికీ రోగం రాదు.

మన రక్తమే ఎందుకంటే, 2019లో వెలువడిన పెద్ద అధ్యయనం గుర్తించిన 90 జన్యు తేడాలు యూరప్ మూలాలవాళ్ల నుంచి వచ్చినవి. ఉత్తర ఆఫ్రికాలో తరచూ కనిపించే ఎల్‌ఆర్‌ఆర్‌కే2 మార్పు మన దేశంలో అరుదు. 2023లో ఆఫ్రికా మూలాలున్నవాళ్లను వెతికితే జీబీఏ1లో యూరప్‌వాళ్లలో దాదాపు లేని తేడా బయటపడింది.

ఫోను నంబరు మారితే వాళ్లకు చెప్పండి. తర్వాత తోబుట్టువుల్లో ఎవరికైనా వణుకు మొదలైతే అదీ చెప్పాలి; అదే ఇంటి నుంచి రెండో మనిషి రక్తం దొరికితే ఏ తేడా రోగంతో పాటు వస్తోందో పోల్చి చూడగలుగుతారు.