కాగితం మీద 72

ఆరోగ్య రంగంలో ఉద్యోగాలకు విద్యార్థులను సిద్ధం చేసే కాలేజీ కోర్సులో నేను పాఠాలు చెబుతాను. నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ, రేడియోగ్రఫీ, ఫార్మసీ వంటి దారుల్లో దేన్ని ఎంచుకోవాలో ఇంకా తేల్చుకోని వారే మా తరగతిలో ఎక్కువ. వారు ఎంత నేర్చుకున్నారో తెలుసుకోవడానికి నేను చాలాకాలం రాతపరీక్షనే నమ్ముకున్నాను. ఒక ప్రాక్టికల్ రోజున ఆ నమ్మకం సడలింది.

ఆ రోజు అంశం నాడి లెక్కించడం. ఒక విద్యార్థిని తన సహాధ్యాయి కుడి మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి గడియారం వంక చూస్తుండగా, నేను అదే సమయంలో ఎడమ మణికట్టు పట్టుకొని నిమిషం పాటు లెక్కించాను. నాకు 88 వచ్చింది, ఆమె కాగితం మీద 72 అని రాసింది. వేళ్లు ఉండవలసిన చోటే ఉన్నాయి, బొటనవేలు వాడకూడదన్న సంగతి కూడా ఆమె మరచిపోలేదు. అయినా ఇంత తేడా ఎందుకు వచ్చిందని నెమ్మదిగా అడిగితే, మధ్యలో లెక్క తప్పిందనీ, పుస్తకంలో 72 అని ఉంది కనుక అదే రాశాననీ చెప్పింది. అంతకు నెల ముందు నేనిచ్చిన ప్రశ్నపత్రంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి నాడి నిమిషానికి ఎంత అన్న ప్రశ్నకు ఆమె ఇదే 72 రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దవారికి 60 నుంచి 100 దాకా మామూలే అయినప్పుడు, ఒక్క అంకెకే మార్కు వేసి, వేళ్ల కింద కొట్టుకుంటున్న దానికన్నా పుస్తకంలోని అంకే భద్రమని ఆమెకు నేర్పింది నా ప్రశ్నపత్రమే.

వైద్యవిద్యలో మూల్యాంకనం గురించి జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు అంతస్తుల పిరమిడ్‌ను ప్రతిపాదించారు. విషయం తెలిసి ఉండడం అడుగున ఉంటుంది, దాన్ని ఎలా వాడాలో తెలియడం దాని పైన, చేసి చూపించగలగడం మూడవది, నిజమైన పనిలో రోజూ అలాగే చేయడం అన్నిటికన్నా పైన. నా ప్రశ్నలన్నీ అడుగునే ఉండిపోయాయని ఆ రోజు అర్థమైంది. మూడవ అంతస్తును పరీక్షించే పద్ధతి నాకు కొత్త కావచ్చు గాని, లోకానికి కొత్త కాదు. స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లోనే ఓస్కీ (OSCE) అనే, పని చేయించి చూసే పరీక్షా పద్ధతిని ప్రచురించారు. అందులో విద్యార్థులు ఒక్కో పనికి ఒక్కటిగా ఏర్పాటు చేసిన స్టేషన్ల దగ్గర నిర్ణీత సమయం ఆగి ఇచ్చిన పని చేస్తారు, పరీక్షకులు అందరినీ ఒకే చెక్‌లిస్టుతో చూస్తారు. ఇప్పుడు మా తరగతిలోనూ చిన్న ఎత్తున అదే చేస్తున్నాను.

అయితే రాతపరీక్షను నేను వదిలిపెట్టలేదు, అడిగే తీరును మార్చాను. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాముల మందు ఉన్న సిరప్ నుంచి 200 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే ఎంత కొలవాలి అన్న లెక్కనే తీసుకుందాం. సరైన జవాబు 8 మిల్లీలీటర్లు. ఒకరు 3.125 అని రాశారు, మరొకరు 80 అని రాశారు. బహుళైచ్ఛిక ప్రశ్నగా ఇచ్చి ఉంటే ఇద్దరికీ సున్నాయే పడేది, నాకు తెలిసేదీ ఏమీ ఉండేది కాదు. లెక్క మొత్తం చూపించమన్నాను కనుక, మొదటివారు నిష్పత్తిని తలకిందులు చేశారనీ, రెండవవారు పద్ధతి సరిగానే వేసి దశాంశ స్థానం దగ్గర జారారనీ తెలిసింది. మొదటివారికి నిష్పత్తుల పాఠం మళ్లీ చెప్పాలి. రెండవవారితో, ఆ 80 మిల్లీలీటర్లను 5 మిల్లీలీటర్ల చెంచాతో నీళ్లతో కొలిపించాను. పదహారు చెంచాలు గ్లాసులో పడుతుంటే, పది దాటకముందే ఆ అబ్బాయి ఆగి, ఇంత ఎవరూ తాగరు కదా మేడమ్ అన్నాడు. ఆ అనుమానం కాగితం మీదే రావాలి. అందుకే ఇప్పుడు ప్రతి మోతాదు లెక్క కింద, ఈ జవాబు నమ్మదగినదేనా, ఎందుకు అని ఒక వాక్యం రాయమంటున్నాను, దానికీ మార్కులు వేస్తున్నాను.

మార్కులను కూడే పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఇరవై అంశాల చెక్‌లిస్టులో పద్దెనిమిది చేసినవారికి తొంభై శాతం వస్తుంది. వదిలేసిన ఆ రెండూ చేతులు శుభ్రం చేసుకోవడం, రోగి పేరు సరిచూసుకోవడం అయితే? వీటిని వేరే మార్కులతో భర్తీ చేయనివ్వకూడదు. మా చెక్‌లిస్టులో ఇలాంటి అంశాలను విడిగా ఉంచాను, ఏ ఒక్కటి తప్పినా ఆ స్టేషన్ మళ్లీ చేయాల్సిందే. మళ్లీ చేయడంలో శిక్ష లేదని మొదటి రోజే చెబుతాను, మార్కులూ తగ్గించను. కోర్సు చివర్లో, మీకు ఎంత ఆత్మవిశ్వాసం కలిగింది అని అడిగే ఫారాలు కూడా తీసుకుంటాను గాని, వాటిని నేర్చుకున్నదానికి రుజువుగా లెక్కలోకి తీసుకోను.

నాడి నమోదు కాగితాన్ని కూడా మార్చాను. అంకె రాసే గడి పక్కన ఇప్పుడు మరో గడి ఉంది: లెక్క తప్పింది, మళ్లీ చూస్తాను. నిజంగా తప్పినప్పుడు అక్కడ టిక్ పెట్టి మళ్లీ లెక్కించినవారికి పూర్తి మార్కులు ఇస్తాను. మొన్నటి ప్రాక్టికల్‌లో ఆ విద్యార్థిని కాగితంలో ఆ గడిలో టిక్ ఉంది, దాని కింద 94 అని ఉంది. నాకు 93 వచ్చింది.