చిట్టా లేని సిస్టమ్‌కు ప్యాక్‌మన్

పర్లాకిమిడిలోని మా బట్టల కొట్టులో ఏ రోజు లావాదేవీలు ఆ రోజు చిట్టాలో రాసి, తరువాత పేర్ల వారీగా ఆవర్జాకు ఎక్కించడం తాతగారి నాటి పద్ధతి. ఆ ఇంట్లోనే కూర్చుని 2021 చివర్లో లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం ప్రకారం లినక్స్ సిస్టమ్ మొత్తాన్ని మూలం (సోర్స్ కోడ్) నుంచి కంపైల్ చేసుకున్న నేను, ఏ ఫైలు ఏ ప్యాకేజీదో ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

మరుసటి ఏడాది, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను 1.1.1 నుంచి 3.0కు మార్చి, పేరు చివర 1.1 ఉన్న పాత లైబ్రరీలను చేత్తో తొలగించాను. వీగెట్, కర్ల్ రెండూ ఆ పాత పేరుకే లింకై ఉన్నందున వెంటనే ఆగిపోయాయి. దింపుకునే సాధనాలే పోవడంతో మహేంద్రతనయ దాటి పాతపట్నంలోని మిత్రుడి ఇంటికి వెళ్లి, వాటి మూలాలను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కొత్త లైబ్రరీతో మళ్లీ కంపైల్ చేశాను.

ఆ రాత్రే, ఏ ఫైలు ఏ ప్యాకేజీదో లెక్క ఉంచే ప్యాక్‌మన్ అనే ప్యాకేజీ మేనేజర్‌ను పెట్టాలని నిశ్చయించుకున్నాను. దాని వంటకం, అంటే ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలు, మామూలు బ్యాష్ ఫైలు కావడం వల్ల, నేను రోజూ కొట్టే ఆదేశాలనే అందులో రాయవచ్చు. కీలకమంతా డెస్ట్‌డిర్‌లో ఉంది: ఫైళ్లను సిస్టమ్‌లో పెట్టే మేక్ ఇన్‌స్టాల్ ఆదేశానికి ఆ మాట జోడిస్తే ఫైళ్లు అసలు చోటికి పోకుండా మనం చూపిన ఖాళీ డైరెక్టరీలో చేరతాయి, ప్యాక్‌మన్‌తో వచ్చే మేక్‌ప్యాకేజీ దానిని మూటగట్టి ఇస్తే, ప్యాక్‌మన్ ఆ మూటను విప్పి పరుస్తూ ప్రతి ఫైలు పేరునూ తన డేటాబేస్‌లో రాసుకుంటుంది.

ఇప్పటికే నడుస్తున్న సిస్టమ్‌లో ఇది అంత తేలిక కాదు. ఫైలు ముందే ఉందని, అది ఎవరిదో తనకు తెలియదని ప్యాక్‌మన్ ప్రతిసారీ నిరాకరిస్తుంది. ఓవర్‌రైట్ ఐచ్ఛికంతో ఒప్పించవచ్చు గాని, దానిని ప్రోగ్రాములుండే యూఎస్‌ఆర్ డైరెక్టరీ కిందివాటికే పరిమితం చేయడం మేలని నా అభిప్రాయం. ఈటీసీ డైరెక్టరీలో చేత్తో దిద్దుకున్న అమరికలు అప్పుడు క్షేమంగా ఉంటాయి. వెర్షన్ మార్చకుండా, ఒక్కొక్క ప్యాకేజీనీ ఉన్నదాన్నే మళ్లీ కట్టి ఖాతాకు ఎక్కించాను. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే జీలిబ్‌సీ లైబ్రరీ వంతు వచ్చినప్పుడు మాత్రం పక్కన రెస్క్యూ పెన్‌డ్రైవ్ పెట్టుకున్నాను.

అయితే, ఏ లైబ్రరీ ఎవరికి అవసరమో వంటకంలో మనం రాయకపోతే ప్యాక్‌మన్ కూడా నా వంటి పొరపాటును ఆపలేదు. అందుకే ఇప్పుడు, ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలను వాడుతుందో చూపే ఎల్‌డీడీతో చూసి ఆధారాలను ఓపికగా రాస్తున్నాను. యూఎస్‌ఆర్‌లో యజమాని తెలియని ఫైళ్లు ఇంకా 41 ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పాత హెడర్లు.