పిల్లల చేతికి మొదటి వేట రైఫిల్: తూటా గురించి ఆలోచించే ముందు

అమెరికాలో శరదృతువు దగ్గర పడేసరికి, వేటకు వెళ్లే అలవాటున్న కుటుంబాల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. ఈ ఏడాది జింకల వేటకు పిల్లలను కూడా తీసుకువెళ్లాలనుకుంటున్నాము, వాళ్లకు ఏ రైఫిల్ కొంటే బాగుంటుంది? అడిగినవారికి వెంటనే దొరికేది తూటాల పేర్ల జాబితా. ఒకరు .243 అంటారు, ఇంకొకరు .308 లేనిదే లాభం లేదంటారు, మూడోవారు తమ తాతగారి .30-30 గుణగణాలు చెబుతారు. మా అమ్మాయి కోసం రైఫిల్ చూసిన రోజుల్లో ఈ చర్చలన్నీ నేనూ శ్రద్ధగా విన్నాను. విన్న తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: రైఫిల్ ముందు బిడ్డ శరీరానికి సరిపోవాలి, ఆ తరువాత దాని తన్ను (పేలినప్పుడు భుజానికి వెనక్కి తగిలే దెబ్బ) ఆ బిడ్డ భరించగలిగినంతలో ఉండాలి, తూటా పేరు ఆ రెండూ తేలాక చూసుకోవలసిన సంగతి.

చట్టం గురించి ముందే ఒక మాట చెప్పాలి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నిషిద్ధం కనుక, నేను రాస్తున్నదంతా అమెరికాలో లైసెన్సుతో, నిర్ణీత సీజన్లో జరిగే వేటకు మాత్రమే వర్తిస్తుంది. అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరు 18 ఏళ్లు నిండనివారికి రైఫిల్ అమ్మకూడదు. కాబట్టి కొనేదీ, తాళం వేసి భద్రపరిచేదీ, బాధ్యత వహించేదీ పెద్దవారే. ఏ వయసు నుంచి వేటకు అనుమతి ఉంది, పక్కన పెద్దవారు ఎంత దగ్గరగా ఉండాలి, శిక్షణ తరగతి ఎప్పుడు పూర్తి చేయాలి అన్నవి రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. తూటా పరిమాణానికి కూడా నియమాలున్నాయి. ఉదాహరణకు కొలరాడోలో జింకకు .24 కంటే చిన్న క్యాలిబర్ (అంగుళాలలో చెప్పే గుండు వ్యాసం) పనికిరాదు, వర్జీనియాలో ఆ హద్దు .23. దుకాణానికి వెళ్లే ముందే మీ రాష్ట్రపు నియమావళి చదవడం మంచిది.

ఇక కొలతల విషయానికి వద్దాం. పెద్దల రైఫిళ్లలో ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనే వెనుక కొన) చివరి దాకా ఉండే దూరం సాధారణంగా పదమూడున్నర అంగుళాలు ఉంటుంది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలలో చాలామందికి ఇది ఎక్కువ. పొడుగైన స్టాక్ (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే భాగం) పట్టుకున్న బిడ్డను పక్కనుంచి గమనించండి: ట్రిగ్గర్ అందుకోవడానికి భుజం ముందుకు తోస్తుంది, మెడ సాగదీస్తుంది, ముందు చేయి పూర్తిగా చాచవలసి వచ్చి బరువు మోయలేక నడుము వెనక్కి వంచుతుంది. ఆ స్థితిలో బట్ భుజపు గుంటలో కుదురుగా ఆనదు, చేతి కండ మీదికి జారుతుంది, పేలినప్పుడు దెబ్బంతా అక్కడే తగులుతుంది. చిన్నవారి కోసం చేసిన మోడళ్లలో ఈ దూరం పన్నెండు, పన్నెండున్నర అంగుళాలు ఉంటుంది. కొన్నింటిలో బట్ దగ్గర పలకలు పెట్టి, పిల్లలు ఎదిగే కొద్దీ స్టాక్ పొడవు పెంచుకోవచ్చు. మొదటి కొనుగోలుకు నేను ఇలాంటి స్టాక్‌నే ఇష్టపడతాను.

ఈ కొలతను వేటకు వేసుకునే మందపాటి కోటు తొడిగించి చూడాలి. వేసవిలో పలుచని చొక్కా మీద చక్కగా కుదిరిన రైఫిల్, నవంబరు చలిలో దూది కోటు మీద పొడుగైపోతుంది, బట్ చంక దగ్గర బట్టకు చిక్కుకుంటుంది. రైఫిల్ ఖాళీగా ఉందని ఇద్దరూ కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక, బిడ్డను కళ్లు మూసుకుని దానిని భుజానికి ఎత్తుకోమని, చెంప ఆనించాక కళ్లు తెరవమని చెప్పండి. మెడ కదపకుండానే స్కోపులో (గురి చూసే దుర్భిణిలో) నిండు వృత్తం కనిపిస్తే స్టాకూ స్కోపూ కుదిరినట్టే. చుట్టూ నల్లటి నీడ కనిపిస్తే స్కోపును ముందుకో వెనక్కో జరపాలి.

ఏ కన్ను ప్రధానమైనదో కూడా కొనకముందే తెలుసుకోవాలి. రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న ఒక వస్తువును ఆ సందులోంచి రెండు కళ్లతో చూడమనండి. తరువాత ఒక్కొక్క కన్నే మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు కనిపిస్తూనే ఉంటుందో అదే ప్రధానమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను ప్రధానమైన పిల్లలు తక్కువేమీ కాదు. అలాంటివారికి ఎడమ భుజం మీదే నేర్పడం, ఎడమచేతి వాటపు బోల్ట్ ఉన్న రైఫిల్ వెతకడం నాకు సబబుగా తోస్తుంది.

తన్ను గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే పిల్లలు వేట మానేయడానికీ, జింకలు గాయపడి తప్పించుకోవడానికీ చాలాసార్లు ఇదే మూలం. భుజానికి నొప్పి పుట్టించే రైఫిల్ పట్టుకున్న బిడ్డ నాలుగైదు తూటాలు పేల్చేసరికి, ట్రిగ్గర్ నొక్కే ముందే తెలియకుండా కళ్లు మూసుకోవడం, భుజం బిగించడం మొదలుపెడుతుంది. అడిగితే ఏమీ లేదనే అంటుంది, నాన్న ముందు భయం ఒప్పుకోవడం ఇష్టం ఉండదు. దీనిని కనిపెట్టడానికి పాత పద్ధతి ఒకటుంది. రేంజిలో (కాల్పులు సాధన చేసే స్థలంలో) రైఫిల్ మీరే నింపి ఇవ్వండి, కొన్నిసార్లు అసలు తూటా, కొన్నిసార్లు మందులేని డమ్మీ తూటా పెట్టండి, ఏది పెట్టారో బిడ్డకు తెలియనివ్వకండి. డమ్మీ ఉన్నప్పుడు పిన్ను టక్కుమన్న క్షణంలో బారెల్ (గొట్టం) మూతి కిందికి వంగిందంటే భయం లోపల స్థిరపడుతోందని అర్థం. అప్పుడు పెద్ద రైఫిల్ పక్కన పెట్టి, తన్ను దాదాపు లేని చిన్న తూటా .22 రిమ్‌ఫైర్‌తో మళ్లీ మొదటి నుంచి ధైర్యం కూడగట్టాలి తప్ప, పోనుపోను అదే అలవాటవుతుందని బలవంతం చేయకూడదు.

ఇక్కడే తల్లిదండ్రులు ఒక చిక్కులో పడతారు. ఒకే తూటా అయినా, రైఫిల్ తేలికయ్యే కొద్దీ తన్ను పెరుగుతుంది. పిల్లల మోడళ్లు స్టాకూ బారెలూ కురచ చేసినవి కనుక ఆరు పౌండ్ల చిల్లర బరువే ఉంటాయి. దానిని .308లో కొనిస్తే, నాన్న చేతిలోని ఎనిమిది పౌండ్ల .308 కంటే బిడ్డ భుజానికే గట్టి దెబ్బ తగులుతుంది. కురచ బారెల్ వల్ల శబ్దమూ ముఖానికి దగ్గరవుతుంది. ఏడున్నర పౌండ్ల రైఫిల్లో .243 తన్ను దాదాపు 10 అడుగు-పౌండ్లు (తన్ను శక్తిని కొలిచే ప్రమాణం) అయితే, .30-06 తన్ను దాదాపు 20. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ ఇంకా పైన ఉంటుంది, దానిని పిల్లల దరిదాపులకు తేవలసిన అవసరమే లేదు. బిడ్డ మోయలేకపోతుందేమోనని మరీ తేలికైనది కొనడం కంటే, ఒక పౌండు ఎక్కువున్న రైఫిల్ కొని, నడిచేటప్పుడు మీరు మోసి, కాల్చేటప్పుడు కర్రల ఆధారం మీద పెట్టించడం మేలు.

ఇప్పుడు తూటాలు. .243 విన్‌చెస్టర్ 1955లో వచ్చింది. .308 కేసు (మందు నింపే లోహపు గొట్టం) మెడను సన్నం చేసి తయారుచేసిన ఈ తూటా అప్పటి నుంచీ పిల్లల మొదటి రైఫిళ్లలో పేరు నిలుపుకుంటూనే ఉంది. 95 నుంచి 100 గ్రెయిన్ల (గుండు బరువు కొలిచే ప్రమాణం) బరువుతో జింకల కోసమే చేసిన గుండు, అంటే తూటా లోంచి ఎగిరివెళ్లే ముక్క, వాడితే తెల్లతోక జింకకు అది సరిపోతుంది. అయితే అదే పేరుతో 55, 58 గ్రెయిన్ల గుండ్లు కూడా అమ్ముతారు. అవి చిన్న జంతువుల కోసం చేసినవి, చర్మం దాటగానే చిట్లిపోతాయి, వాటితో జింకను కాల్చడం క్రూరత్వమే అవుతుంది. నా ఓటు మాత్రం 7ఎంఎం-08 రెమింగ్టన్‌కు. తన్ను .243 కంటే కొంచెం ఎక్కువ, .308 కంటే స్పష్టంగా తక్కువ, గుండు బరువు 120 నుంచి 140 గ్రెయిన్లు కావడం వల్ల తగిలిన చోటు కాస్త అటూ ఇటూ అయినా లోతుగా దిగుతుంది, పిల్లలు పెద్దయ్యాక మార్చవలసిన పనీ ఉండదు. 6.5 క్రీడ్‌మోర్ కూడా దాదాపు ఇదే కోవకు చెందుతుంది, తూటాలు దొరకడం కూడా సులువు. ఒహాయో వంటి రాష్ట్రాలలో రైఫిల్‌తో జింకలను వేటాడాలంటే మెడలేని నిటారు కేసు తూటాలే వాడాలి కనుక, అక్కడివారికి 2019లో వచ్చిన .350 లెజెండ్ మంచి దారి.

యంత్రం విషయంలో నాకు సందేహం లేదు, మొదటి రైఫిల్‌కు బోల్ట్ యాక్షనే (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ అనే పిడిని లాగి తోసే రకమే) సరి. బోల్ట్ వెనక్కి లాగి ఉంటే అది పేలదని పది అడుగుల దూరం నుంచే పెద్దవారికి కనిపిస్తుంది. ఒక్కొక్క తూటాకు చేయి ఆగుతుంది కాబట్టి బిడ్డ ఆలోచనా ఆగుతుంది. సెమీ ఆటోమాటిక్‌లో పేలిన మరుక్షణం మరో తూటా సిద్ధమైపోతుంది, ఉద్వేగంలో ఉన్న కొత్తవారికి అది తగదు. పాతకాలపు లీవర్ రైఫిళ్లు (ట్రిగ్గర్ కింది మీటను ఆడించి తూటా ఎక్కించేవి) అందమైనవే, కానీ కాల్చకుండా విరమించుకున్నప్పుడు లోపల తూటా ఉండగానే సుత్తిని బొటనవేలితో మెల్లగా దించవలసి వస్తుంది. చలికి కొంకర్లు పోయిన చిన్న వేళ్లకు ఆ పని అప్పగించడం నాకు మనస్కరించదు.

స్కోపు 2-7 లేదా 3-9 రెట్లు పెంచేది చాలు. వేటలో దానిని తక్కువ సంఖ్యలోనే ఉంచాలి, లేకపోతే పొదల మధ్య జింకను వెతుక్కోవడానికే సమయం పోతుంది. కంటికీ స్కోపుకూ మధ్య మూడున్నర అంగుళాలైనా ఉండాలి, లేదంటే కనుబొమ మీద గాయం తప్పదు. ట్రిగ్గర్ నొక్కడానికి కావలసిన బలం మూడు పౌండ్ల దగ్గర ఉంటే బాగుంటుంది. మరీ తేలికైతే చేతి తొడుగులతో ఉన్నప్పుడు ప్రమాదం.

చెవుల రక్షణ విషయంలో రాజీ వద్దు. 140 డెసిబెళ్లు దాటిన ఒక్క పేలుడు చాలు వినికిడి దెబ్బతినడానికి, వేట రైఫిళ్లన్నీ ఆ హద్దు దాటినవే. రేంజిలో చెవి బిరడాలు పెట్టి పైన మఫ్‌లు కూడా తొడగాలి. తన్ను తగ్గిస్తుందని కొందరు బారెల్ మూతికి మజిల్ బ్రేక్ అనే రంధ్రాల తొడుగు బిగిస్తారు, అది శబ్దాన్ని పక్కలకు, వెనక్కి మళ్లిస్తుంది. భయపడే పిల్లల దగ్గర నేను దానిని వాడను.

రైఫిల్ ఇంటికి వచ్చాక ఎంత దూరం దాకా కాల్చవచ్చో తేల్చవలసింది రేంజిలోని కాగితం. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. ఆరు అంగుళాల వృత్తం గీసి, బల్ల మీద కాకుండా వేటలో వాడబోయే కర్రల ఆధారం మీద నుంచి, కోటు వేసుకుని, వరుసగా ఐదు తూటాలు అందులోనే వేయగలిగిన దూరం ఎంతో చూడండి. అది 80 గజాలైతే ఆ సీజనుకు హద్దు 80 గజాలే. 90 గజాల దగ్గర ఎంత పెద్ద కొమ్ముల జింక నిలబడినా కాల్చకూడదని ఇంటి దగ్గరే, రైఫిల్ బయటకు తీయకముందే, ఇద్దరూ కలిసి ఒప్పుకోవాలి. వచ్చే ఏడాది స్టాకుకు మరో పలక చేర్చి, స్కోపు మళ్లీ కుదిర్చి, అదే వృత్తం మీద కొత్త హద్దు తేల్చుకోవచ్చు.