గడియారం ఎక్కడ మొదలవుతోంది?

పడుకుందామంటే ఆ 46 బుర్రలోంచి పోవడం లేదు. పొద్దుట్నుంచి పెద్ద తెర మీద అదే అంకె. సగటు స్పందన సమయం 46 మిల్లీసెకన్లు, చుట్టూ ఆకుపచ్చ రంగు. సరిగ్గా అదే సమయంలో హెల్ప్‌డెస్క్‌కి ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు, "లాగిన్ పేజీ తిరుగుతూనే ఉందండీ" అని. తెర చూసినవాళ్ళు మాత్రం సర్వర్ బాగానే ఉంది, వాళ్ళ నెట్టే బాగాలేదని తేల్చేశారు. మానిటరింగ్ పెట్టుకున్నది వాడేవాళ్ళ మాట అబద్ధమని రుజువు చేయడానికా? సాయంత్రం నుంచి ఇదే నన్ను తినేస్తోంది.

సగటు మీద నా కోపం మీకు కొత్త కాదు. అయినా లెక్క ఇంకోసారి రాస్తాను. ఒక నిమిషంలో 1,000 రిక్వెస్టులు వచ్చాయనుకోండి. 990 రిక్వెస్టులకి 50 మిల్లీసెకన్లలో జవాబు వెళ్ళింది, మిగతా 10 రిక్వెస్టులు 3 సెకన్లు పట్టాయి. సగటు తీస్తే 79.5 మిల్లీసెకన్లు. ఆ అంకె చూసి ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నూటికి ఒకటేగా అంటారు. ఒక పేజీ తెరవాలంటే 30 రిక్వెస్టులు వెళ్తాయనుకుంటే, ఆ నూటికి ఒకటే దాదాపు నలుగురిలో ఒకరికి ఎక్కడో ఒకచోట అడ్డం పడుతుంది. 0.99ని 30 సార్లు గుణించి చూడండి, 0.74 వస్తుంది. మిగిలిన 26 శాతం మంది ఎక్కడ కనిపిస్తున్నారు ఆ తెర మీద?

సగటు వద్దు, పి99 (నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో చెప్పే అంకె) పెట్టండి అంటే పెట్టారు. నాలుగు సర్వర్ల పి99లు తీసుకుని, కూడి, నాలుగుతో భాగించి! పి99 లాంటి పర్సంటైల్‌ని అలా సగటు చేయకూడదు. 9,000 రిక్వెస్టులు తీసుకున్న సర్వర్ పి99 100 మిల్లీసెకన్లు, 1,000 తీసుకున్నదాని పి99 2 సెకన్లు అయితే, రెండింటి సగటు 1.05 సెకన్లు ఏ సర్వర్‌ది? ఎవరిదీ కాదు. ప్రొమీథియస్‌లో (కొలతలు సేకరించి దాచే మానిటరింగ్ సాధనం) అయితే ముందు అన్ని సర్వర్ల హిస్టోగ్రామ్ బకెట్లనూ, అంటే ఫలానా సమయంలోపు పూర్తయిన రిక్వెస్టుల లెక్కలనూ, బకెట్ హద్దు వారీగా కూడాలి, క్వాంటైల్ (పి99 లాంటిది) ఆ తర్వాతే తీయాలి. వరస తిరగబడిందా, అంకె వస్తుంది కానీ దానికి అర్థం ఉండదు.

ఆ బకెట్ల దగ్గరే ఇంకో గుంట ఉంది. ప్రొమీథియస్ క్లయింట్ లైబ్రరీలు (కొలతల కోసం మన ప్రోగ్రాములో కలిపే కోడ్) చాలావాటిలో మామూలుగా వచ్చే బకెట్లు 5 మిల్లీసెకన్ల దగ్గర మొదలై 10 సెకన్ల దగ్గర ఆగుతాయి. 10 దాటినవన్నీ అనంతం అనే ఆఖరి బకెట్‌లో పడతాయి. పి99 అందులో పడితే క్వాంటైల్ ఫంక్షన్ దాని కింద హద్దునే, అంటే 10నే, తిరిగిస్తుంది. రిక్వెస్టు 40 సెకన్లు పట్టినా గ్రాఫ్ 10 దగ్గర గీత గీసినట్టు నిలబడుతుంది. గ్రాఫ్‌లో అంత చదునైన గీత కనిపిస్తే సర్వర్ నిలకడగా ఉందని కాదు, కొలబద్ద అయిపోయిందని. ప్రాక్సీ రీడ్ టైమవుట్ (వెనక సర్వర్ జవాబు కోసం ముందున్న సర్వర్ ఆగే గడువు) 60 సెకన్లు ఉన్నచోట బకెట్లు కూడా 30, 60 దాకా వెళ్ళాలి. అలాగే మన లక్ష్యం 300 మిల్లీసెకన్లయితే సరిగ్గా 0.3 దగ్గర ఒక బకెట్ ఉండాలి. లేకపోతే 0.25కి, 0.5కి మధ్య లెక్క అంతా సమానంగా పరుచుకుందన్న ఊహ మీద నడుస్తుంది.

అయినా ఇవాళ్టి 46 గోల ఇది కాదు. అది వచ్చింది మన వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ ప్రతి రిక్వెస్టునీ రాసుకునే యాక్సెస్ లాగ్‌లోని రిక్వెస్ట్ టైమ్ నుంచి. ఆ గడియారం ఎక్కడ మొదలవుతుందో అడిగితే చెప్పినవాళ్ళు లేరు. క్లయింట్ (వాడేవాళ్ళ బ్రౌజర్) పంపిన రిక్వెస్టులోని మొదటి బైట్లు చదివినప్పుడు మొదలై, ఆఖరి బైట్లు పంపేసి లాగ్ రాసేటప్పుడు ఆగుతుంది. అంతకు ముందు జరిగినదేదీ అందులో లేదు. డీఎన్‌ఎస్ (సైటు పేరుకి చిరునామా వెతకడం) లేదు, టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (రహస్య కనెక్షన్ కుదుర్చుకోవడం) లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా కనెక్షన్ కోసం కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) గుమ్మంలో నిలబడిన సమయం లేదు.

ఆ గుమ్మం సంగతి మర్చిపోలేను. పాత సర్వర్ల రోజుల్లో ఇలాగే, లాగ్‌లో అన్నీ 40, 50 మిల్లీసెకన్లు. సీపీయూ 30 శాతం దాటలేదు. కానీ బయట కొలిస్తే కొన్ని కనెక్షన్లు సరిగ్గా 1 సెకను ఆలస్యం, కొన్ని సరిగ్గా 3 సెకన్లు. చిందరవందరగా కాదు, 1 దగ్గర ఒక గుట్ట, 3 దగ్గర ఇంకో గుట్ట. నెట్‌వర్క్ వాళ్ళని అడిగితే మాది బాగుంది అన్నారు, అప్లికేషన్ వాళ్ళు మాదీ బాగుంది అన్నారు. అన్నవాళ్ళంతా తమ తెరలు చూసే అన్నారు. ఆలస్యం అంత గుండ్రటి అంకెల్లో వస్తోందంటే అది పని ఎక్కువై వచ్చిన ఆలస్యం కాదు, ఎక్కడో ఒక టైమర్ వల్ల వచ్చింది. టీసీపీలో (నెట్ కనెక్షన్లు నడిపే నియమావళి) సిన్ ప్యాకెట్‌కి, అంటే కనెక్షన్ కావాలని అడిగే మొదటి ప్యాకెట్‌కి, జవాబు రాకపోతే క్లయింట్ మామూలుగా 1 సెకను ఆగి మళ్ళీ పంపుతుంది, అదీ పోతే ఇంకో 2 సెకన్లు. మొత్తం 3. అంటే సర్వర్ గుమ్మం దాకా వచ్చిన సిన్‌లు రాలిపోతున్నాయి.

ఎస్‌ఎస్ కమాండ్‌తో (కనెక్షన్ల స్థితి చూపే లైనక్స్ కమాండ్) లిజన్ స్థితిలో, అంటే కొత్త కనెక్షన్ల కోసం ఎదురుచూస్తూ, ఉన్న సాకెట్లను చూస్తే 443 పోర్టు వరసలో రిసీవ్ క్యూ 129, సెండ్ క్యూ 128. మామూలు కనెక్షన్లకి ఈ రెండు నిలువు వరసల్లో ఉండేది బైట్ల లెక్క. లిజన్ సాకెట్‌కి మాత్రం అర్థం వేరు. మొదటిది యాక్సెప్ట్ చేయకుండా ఎదురుచూస్తున్న కనెక్షన్ల సంఖ్య, రెండోది ఆ క్యూ పరిమితి. క్యూ నిండి పొంగిపోతోంది. ఎంజిన్‌ఎక్స్ లైనక్స్ మీద మామూలుగా 511 అడుగుతుంది, కానీ ఆ పరిమితికి కెర్నల్ పెట్టే పైహద్దు, సోమాక్స్‌కాన్, 5.4 కన్నా పాత కెర్నల్ వెర్షన్లలో 128. అడిగినది ఎంతైనా కెర్నల్ చప్పుడు చేయకుండా 128కి కత్తిరిస్తుంది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క వాక్యం లేదు. 5.4 నుంచి అది 4096 అయింది కాబట్టి కొత్తవాళ్ళకి ఈ బాధ తక్కువ. కానీ ఎవరో ఎప్పుడో రాసిన ట్యూనింగ్ ఫైలు ఇంకా పాత అంకెనే రుద్దుతూ ఉంటుంది, చూసుకోవాలి. ఇంకోటి, సోమాక్స్‌కాన్ పెంచినంత మాత్రాన అప్పటికే తెరిచి ఉన్న సాకెట్ పరిమితి మారదు. సర్వర్ మళ్ళీ లిజన్ పిలవాలి, కాబట్టి రీస్టార్ట్ తప్పదు. తర్వాత ఎస్‌ఎస్ చూసి సెండ్ క్యూ నిలువు వరసలో కొత్త అంకె వచ్చిందని కళ్ళారా ఖాయం చేసుకోవాలి.

క్యూ పెంచితే పొంగు ఆగుతుంది, అసలు రోగం పోదు. 30 శాతం సీపీయూతో ఉన్న సర్వర్ కనెక్షన్లను ఎందుకు అందుకోలేకపోయింది? ఎంజిన్‌ఎక్స్ వర్కర్ (పని చేసే ప్రాసెస్) ఒక్కొక్కటీ ఒకే ఈవెంట్ లూప్, అంటే తన కనెక్షన్లన్నిటి పనీ ఒకదాని తర్వాత ఒకటి చేస్తుంది. అది యాక్సెస్ లాగ్ డిస్కుకి రాసేటప్పుడు, డర్టీ పేజీలు (మెమరీలో ఉండి ఇంకా డిస్కుకి చేరని రాతలు) పరిమితి దాటి కెర్నల్ ఆ రాతను ఆపితే, వర్కర్ అక్కడే నిలబడిపోతుంది. దాని చేతిలోని వందల కనెక్షన్లూ నిలబడిపోతాయి, కొత్తవాటిని యాక్సెప్ట్ చేసే తీరిక ఉండదు. అప్పుడు సీపీయూ ఖాళీగానే కనిపిస్తుంది. లైనక్స్ లోడ్ యావరేజ్‌లో డిస్కు కోసం ఆగిన ప్రాసెస్‌లు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి అదొక్కటే పైకి లేచింది. యాక్సెస్ లాగ్‌కి 64 కిలోబైట్ల బఫర్, 5 సెకన్ల ఫ్లష్ పెట్టి, లాగ్‌ల డిస్కును వేరు చేశాక గుట్టలు రెండూ పోయాయి.

అందుకే ఇవాళ మధ్యాహ్నం గట్టిగా అన్నాను. లోపలి అంకెలన్నీ తెర మీద నుంచి తీసేయండి, బయట నుంచి కొలిచినదే నిజం అని. బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ (బయట నుంచి పేజీని అడిగి కొలిచే ప్రొమీథియస్ సాధనం) వేరే నెట్‌వర్క్‌లో పెట్టి ప్రతి 15 సెకన్లకీ లాగిన్ పేజీని అడిగిస్తే, అది డీఎన్‌ఎస్, కనెక్ట్, టీఎల్‌ఎస్, ప్రాసెసింగ్, ట్రాన్స్‌ఫర్ అని సమయాన్ని ముక్కలు చేసి ఇస్తుంది. కనెక్ట్ ముక్క ఒక్కసారిగా 1 సెకనుకి లేస్తే గుమ్మం నిండిందని వెంటనే అర్థమవుతుంది. సర్టిఫికెట్ గడువు కూడా అందులోనే వస్తుంది.

ఇది రాస్తుంటేనే, నా మాట సగమే సరైనదనిపిస్తోంది. 15 సెకన్లకొకటి అంటే రోజుకి 5,760 ప్రశ్నలు. వినడానికి చాలానే. కానీ డిస్కు 2 సెకన్లు మొరాయించి మళ్ళీ దారిలో పడితే, ఆ 2 సెకన్లు రెండు ప్రశ్నల మధ్య ఖాళీలో పడిపోయే అవకాశమే ఎక్కువ. బయటి ప్రోబ్ అప్పుడప్పుడూ వచ్చిపోయే మనిషి. వాడు లేనప్పుడు జరిగింది వాడికి తెలియదు. ఎస్‌ఎస్ చూపించే క్యూ అంకెదీ ఇదే లోపం, చూసిన క్షణంలో ఎంత ఉందో అంతే. కౌంటర్ అలా కాదు. కెర్నల్ ప్రతి పొంగునూ లిజన్ ఓవర్‌ఫ్లోస్ అనే అంకెలో కలుపుకుంటూ పోతుంది. మనం చూసినా చూడకపోయినా కలుపుతుంది. నోడ్ ఎక్స్‌పోర్టర్ (సర్వర్ లోపలి అంకెలు ప్రొమీథియస్‌కి అందించే సాధనం) దాన్ని ఏ సెట్టింగూ లేకుండానే ఇస్తుంది, 9100 పోర్టులో, లిజన్ డ్రాప్స్ (రాలిపోయినవాటి లెక్క)తో పాటు. 15 సెకన్ల స్క్రేప్‌కి (ప్రొమీథియస్ అంకెలు తీసుకునే విరామం) కనీసం 1 నిమిషం కిటికీతో రేటు తీసి సున్నా దాటితే చాలు. మధ్యలో ఏ సెకనులో జరిగినా దొరుకుతుంది.

కాబట్టి లోపలివి తీసేయమన్నది వెనక్కి తీసుకుంటున్నాను. తీసేయాల్సింది సగటుని. క్షణం తాలూకు గేజ్ పక్కన ఆగకుండా పెరిగే కౌంటర్ పెట్టుకోవాలి. ఎంజిన్‌ఎక్స్ తన కనెక్షన్ల లెక్కలు చూపే స్టబ్ స్టేటస్ పేజీలో కూడా అందరూ యాక్టివ్ కనెక్షన్లు గీస్తారు. అందులో ఊరికే కీప్‌అలైవ్‌లో (తర్వాతి రిక్వెస్టు కోసం తెరిచి ఉంచిన స్థితిలో) వేచి ఉన్నవీ కలిసి ఉంటాయి కాబట్టి అది పెరిగితే ఏమీ చెప్పలేం. యాక్సెప్ట్స్ (అందుకున్నవి), హ్యాండిల్డ్ (నిర్వహించినవి) అనే రెండు కౌంటర్ల తేడా గీయండి. రెండూ సమానంగా నడవాలి. తేడా వచ్చిందంటే వర్కర్ కనెక్షన్ల పరిమితి తగిలింది. ఆ పరిమితి మామూలుగా 512. ప్రాక్సీగా వాడితే ఒక్కో రిక్వెస్టు రెండు కనెక్షన్లు తింటుంది, ఒకటి క్లయింట్ వైపు, ఒకటి వెనక సర్వర్ వైపు. ఆ స్టేటస్ పేజీని 127.0.0.1కి (ఆ సర్వర్‌కే) తప్ప ఎవరికీ తెరవకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

లాగ్ ఫార్మాట్ మాత్రం రేపే మార్చాలి. రిక్వెస్ట్ టైమ్ ఒక్కటే ఉంది, పక్కన అప్‌స్ట్రీమ్ (వెనక సర్వర్) కనెక్ట్ టైమ్, హెడర్ టైమ్, రెస్పాన్స్ టైమ్ మూడూ రావాలి. రిక్వెస్ట్ టైమ్ ఎక్కువై అప్‌స్ట్రీమ్ తక్కువగా ఉంటే చాలాసార్లు క్లయింట్ నెట్ నెమ్మది, పెద్ద ఫైలు మెల్లగా దిగుతోంది. రెండూ కలిసి లేస్తే వెనక అప్లికేషన్. ఈ రెండు గీతలు ఒకదానిమీద ఒకటి గీస్తే ఎవరిని నిద్ర లేపాలో తేలిపోతుంది, ఆ గ్రాఫ్ అంటే నాకు నిజంగా ఇష్టం. పార్సర్ రాసేవాళ్ళకి ఒక మాట: రీట్రై జరిగితే అప్‌స్ట్రీమ్ అంకెలు కామాలతో రెండు మూడు వస్తాయి, కాష్ (ముందే దాచుకున్న జవాబు) నుంచి వెళ్తే చిన్న గీత మాత్రమే వస్తుంది. దాన్ని సున్నాగా చదివితే పి50 (సగం రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో చెప్పేది) అమాంతం పడిపోతుంది. యూఆర్‌ఎల్‌ని ప్రొమీథియస్ కొలతకి లేబుల్‌గా పెట్టేటప్పుడు అందులోని ఐడీలు తీసేసి రూట్ (దారి) పేరే పెట్టాలి. లేకపోతే ప్రతి ఐడీకి ఒక కొత్త సిరీస్ (కొలతల వరస) పుట్టి ప్రొమీథియస్ మెమరీ మింగేస్తుంది.

ఇక అలర్టులు. సీపీయూ 80 దాటితే ఎస్సెమ్మెస్ అన్నదాన్ని తీసేయాలి, అది ఎవరి బాధనీ చెప్పదు. లక్ష్యం 99.9 శాతం అనుకుంటే 30 రోజుల్లో తప్పులకి మిగిలేది 43.2 నిమిషాలు. ఆ కోటాని 14.4 రెట్ల వేగంతో కరిగిస్తుంటే, అంటే తప్పుల వాటా 1.44 శాతం దాటితే, ఒక్క గంటలో 2 శాతం కోటా పోతుంది. 1 గంట కిటికీలోనూ 5 నిమిషాల కిటికీలోనూ రెండిట్లోనూ దాటితేనే ఫోన్ మోగాలి. చిన్న కిటికీ ఎందుకంటే సమస్య తీరిన కొద్దిసేపటికే అలర్ట్ కూడా ఆగాలి.

తప్పు అంటే 5తో మొదలయ్యే జవాబు కోడ్‌లే (సర్వర్ వైపు తప్పులు) అని ఇప్పుడున్న రూల్. 499ల గురించి ఎవరూ మాట్లాడరు. జవాబు వెళ్ళేలోపు క్లయింట్ కనెక్షన్ మూసేస్తే ఎంజిన్‌ఎక్స్ రాసుకునే కోడ్ అది. విసిగి ట్యాబ్ మూసేసినవాళ్ళంతా అందులోనే ఉంటారు. అన్నీ కలిపితే పేజీ మార్చేసినవాళ్ళు కూడా తప్పుల్లో పడతారు, అస్సలు కలపకపోతే విసిగినవాళ్ళు మాయమవుతారు. రిక్వెస్ట్ టైమ్ 2 సెకన్లు దాటిన 499లను తప్పుగా లెక్కపెడదాం, మిగతావి వదిలేద్దాం. రూల్ ఇలాగే రాసి పొద్దున్నే పంపిస్తాను. 2 కాదు 1 ఉండాలని ఎవరైనా అంటే లాగ్‌లోని 499ల సమయాలన్నీ హిస్టోగ్రామ్ గీసి, గుట్ట ఎక్కడుందో చూసి మారుద్దాం.