రాణికి ఒంట్లో బాగానే ఉంది

ఆదివారం, రాత్రి

ఈరోజు అక్క, తన కొడుకు వచ్చి చీకటి పడేదాకా ఉన్నారు. వెళ్తూ వెళ్తూ అక్క అడిగింది: "వేటకుక్క అంటావు, పొద్దున్నుంచి చూస్తున్నా, పడుకోవడం తప్ప ఇంకేం చేయట్లేదు. ఒంట్లో బాగాలేదా ఏంటే?"

రాణికి ఒంట్లో బాగానే ఉంది. గ్రేహౌండ్ ఇంట్లో ఉండే తీరే అది. గంటకు 70 కిలోమీటర్ల దాకా అందుకోగల కుక్క కదా, రోజంతా ఇల్లు పీకి పందిరేస్తుందని అందరూ అనుకుంటారు. కానీ ఆ వేగం కొద్ది సేపటిదే. వాసన పట్టుకుని గంటల తరబడి వెతికే బీగిల్ లాంటి కుక్కల ఓపిక వేరు. గ్రేహౌండ్, విప్పెట్, బోర్జోయ్, మన ముధోల్, ఇవన్నీ కంటితో చూసి వెంటాడే జాతులు. కదిలేది కనబడితే ఒక్కసారిగా ఒళ్లంతా పరుగైపోతుంది. ఒక్కో అంగలో రెండు సార్లు నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయి. ఆ తర్వాత మళ్లీ నిద్రే. సలూకీ లాంటివి ఇంకాస్త దూరం లాగుతాయి గానీ, ఇంట్లో అవీ నెమ్మదే.

పిల్లాడికి రాణిని చూస్తే చెయ్యి ఆగదు. అది సోఫా మీద కాళ్లు నాలుగూ పైకి పెట్టి, కళ్లు సగం తెరిచే నిద్రపోతోంది. మెలకువగా ఉందనుకుని వాడు మీద పడబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. గ్రేహౌండ్లలో చాలావాటికి నిద్రలో ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడే అలవాటుంది. ఆ క్షణంలో ఎవరో ఏంటో తెలియక పన్ను తగిలించినా తగిలించొచ్చు, అది కోపం కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అన్నింటికన్నా ముందు నేర్పాల్సింది ఇదే. "దూరంగా నిలబడి పేరు పెట్టి పిలువు, లేచి అదే వస్తుంది" అన్నాను. పిలిచాడు. రాణి తల ఎత్తి, ఒళ్లు విరుచుకుని, నింపాదిగా వచ్చి వాడి పక్కన నిలబడి, ఒళ్లంతా వాడికి ఆన్చేసింది. ఆ బరువుకి వాడు రెండడుగులు వెనక్కి వేసి, గోడకి ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాడు. "పిన్నీ, దీని గుండె కొట్టుకోవడం కనిపిస్తోంది!" అన్నాడు. నిజమే, పల్చటి చర్మం కింద పక్కటెముకల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది. మీద మీద పడి నాకడం, ఎగరడం దీనికి లేదు. నాకైతే ఇలా ఆనుకోవడం కంటే పెద్ద ముద్దు ఇంకొకటి ఉండదు.

కాసేపటికి వాడు నీళ్ల గ్లాసు ఒలకబోస్తే అక్క గట్టిగా కేకలేసింది. వాడికి చీమ కుట్టినట్టైనా లేదు. రాణి మాత్రం తోక కాళ్ల మధ్య పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. తనని అనలేదని దానికెలా తెలుస్తుంది? ఈ జాతుల మనసు అంత సున్నితం. కసిరితే నేర్చుకోవు, ముడుచుకుపోతాయి. మెల్లగా చెప్పి, చేతిలో తినడానికి ఏదైనా పెడితే ఎంతైనా నేర్చుకుంటాయి. రోజూ అరుపులుండే ఇంట్లో ఇలాంటి కుక్కని పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

సాయంత్రం ముగ్గురం దాన్ని నడకకి తీసుకెళ్లాం. దారిలో కారు కింద నుంచి పిల్లి ఒకటి బయటికొచ్చింది. అంతసేపూ కాళ్లీడ్చుకుంటూ నడిచిన రాణి బొమ్మలా ఆగిపోయింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి, వెనక తొడల్లో సన్నగా వణుకు. పట్టీ చేతికి రెండు చుట్లు ఎప్పుడూ చుట్టుకోను, వేళ్లు విరుగుతాయి. మణికట్టుకి ఉచ్చు వేసి బిగించి పట్టుకుంటాను. మెడలో మార్టింగేల్ కాలర్ ఎందుకని అక్క అడిగితే అప్పుడు చూపించాను: దీని తల కన్నా మెడే లావు, మామూలు కాలరైతే వెనక్కి ఒక్క గుంజు గుంజితే ఊడొస్తుంది. ఈ మార్టింగేల్ అయితే లాగినప్పుడు కాస్త బిగుస్తుంది. "నీ మాట వింటుంది కదా, వదిలితే తిరిగి రాదా?" అంది. ఇంట్లో ఒక్క పిలుపుకి వచ్చే కుక్కే. కానీ వెంటపడ్డాక దాని చెవికి నా గొంతు ఎక్కదు. వందల ఏళ్లుగా మనుషులే అలాంటివాటిని ఏరి ఏరి పెంచారు, మనిషి చెప్పేదాకా ఆగకుండా కనబడగానే పరుగెత్తేవాటిని. అలాంటప్పుడు అది మొండితనం ఎలా అవుతుంది? చుట్టూ ఎత్తైన కంచె ఉన్న చోట తప్ప పట్టీ విప్పను. పిల్లులతో కలిసి పెరిగిన గ్రేహౌండ్లు లేకపోలేదు, కానీ ఇంట్లో పిల్లితో పడుకునేది కూడా బయట పరుగెత్తే పిల్లిని వదలకపోవచ్చు.

ఇంతకీ అక్క అడగాలనుకున్నది వేరేదట. పిల్లాడికి ఇలాంటిదే ఒకటి తెద్దామని ఉందట. కాపలా కోసమైతే వద్దని చెప్పేశాను. బెల్లు కొట్టినా రాణి నోరు విప్పదు. ముధోల్ అయితే కొత్తవాళ్లని కాస్త అనుమానంగా చూస్తుంది, దాని లెక్క వేరు. పొద్దస్తమానం ఇల్లు ఖాళీగా ఉండేవాళ్లకి కూడా వద్దంటాను, ఒంటరిగా వదిలేస్తే చాలావరకు ఇవి బెంగ పెట్టుకుంటాయి. అక్క ఇంట్లోనే ఉంటుంది, ఆ చింత లేదు. పిల్లాడు కూడా చెప్పింది వింటాడు. అరుపుల సంగతే చూడాలి. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నాను, ఈసారి పట్టీ అక్క చేతికే ఇస్తాను.